గాజులు కాదు, బీపీ

మా పాత బ్లాకులో ఈ సంగతిని ఇప్పటికీ ఒక మహిమలాగే చెప్పుకుంటారు. మన గాజులు వేస్తే అమెరికా అమ్మాయికి పెద్ద గండం తప్పిందట! మొన్న ఒకరింట్లో వ్రతం భోజనాల దగ్గర నాకే చెప్పారు, ఆ రోజు నేను అక్కడే ఉన్నానని తెలియక. అందుకే కూర్చుని రాస్తున్నాను. గాజులకు రావలసిన పేరు గాజులకు ఇస్తాను. కానీ ఆ పిల్లను కాపాడినదేమిటో రాసి ఉంచకపోతే, రేపు ఇంకో పిల్లకు గాజులు వేసి ఊరుకుంటారు.

అప్పుడు సింగపూర్‌లో, యూ టీ అనే పేటలో ఉండేవాళ్ళం. వై టూ కే పుణ్యమా అని కంప్యూటర్ వాళ్ళకు పిలిచి ఉద్యోగాలిస్తున్న రోజులు. మా ఆయన పొద్దున ట్రైన్ ఎక్కితే ఎప్పటికి వస్తాడో తెలీదు. నేను పదో తరగతితో ఆపేసినదాన్ని. మా పేట లైబ్రరీలో పిల్లల పుస్తకాలతో మొదలుపెట్టి రెండేళ్ళలో వైద్యం పుస్తకాల దాకా వచ్చాను. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. మా అమ్మమ్మ భయంభయంగా చెప్పే గుర్రపు వాతం, గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్సేనని తెలిసింది అక్కడే. అమెరికాలో నల్లజాతి స్త్రీలకు కాన్పులో ప్రాణాపాయం తెల్లవాళ్ళకంటే ఎక్కువని, వాళ్ళు బాధ చెప్పినా చాలాసార్లు పట్టించుకోరని చదివిందీ అక్కడే.

ఎదురు ఫ్లాటులోకి అలాంటి అమ్మాయే వచ్చింది. నల్లజాతి అమెరికన్. భర్త మా ఆయన ఆఫీసులోనే. ఆమె నవ్వితే కారిడార్ ఆ చివరికి వినిపించేది. మా మిరియాల రసం తాగి, "సిస్, నా చెవుల్లోంచి పొగ వస్తోందేమో చూడు," అంది. తొలి కాన్పు. తల్లి దూరం. "తల్లి దగ్గర లేకపోతే మనం లేమా?" అని పై అంతస్తు ఆంటీ పూనుకుంది. ఆవిడ మలేషియాలో పుట్టిన తెలుగామె. తొమ్మిదో నెల పడగానే సూడిదల వేడుక చేసి, లిటిల్ ఇండియా నుంచి తెచ్చిన ఆకుపచ్చ గాజులు చేతులనిండా తొడిగింది. సబ్బు కూడా అక్కర్లేకుండా చేతికి ఎక్కేశాయి. "కాన్పయ్యేదాకా తీయకూడదు," అని ఆంటీ ఆజ్ఞ.

వారం తిరగకుండానే ఒక పొద్దున ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. గాజులు కోసుకుపోతున్నాయంది. భర్త ఆఫీసు పని మీద వేరే దేశం వెళ్ళాడు. ఆంటీ మా ఇంట్లోనే ఉంది.

"బాగా ఒళ్ళు చేసింది లా! అంతా నా చేతి వంట," అంది ఆంటీ, మలేషియా అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి.

అందరం నవ్వాం. నేను కూడా. గాజులవాళ్ళు చేసినట్టు ఆమె చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి లాగాను. ఒక్క గాజూ కదల్లేదు. తలెత్తి చూస్తే కనురెప్పలు కూడా ఉబ్బి ఉన్నాయి. నా నవ్వు ఆగిపోయింది.

"తలనొప్పి ఉందా?"

"రెండు రోజులుగా. కళ్ళ ముందు మిణుగురులు కూడా."

"డాక్టరుకు చెప్పలేదా?"

"నిన్న క్లినిక్‌కి వెళ్ళాను. కాళ్ళు చూసి, ఈ వేడికి అందరికీ వాస్తాయని, మంగళవారం రమ్మన్నారు. థాంక్యూ చెప్పి వచ్చేశాను."

"మరి తలనొప్పి సంగతి?"

ఆమె గాజుల్ని చూస్తూ అంది. "మా అక్క తన కాన్పప్పుడు చెప్పింది సిస్. రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెబితే గొడవమనిషి అన్నారు. బిడ్డ మాత్రమే దక్కాడు."

లైబ్రరీలో రాసుకున్న నోటుబుక్కు తెచ్చి చూపించాను. తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, ఉన్నట్టుండి చేతులకూ ముఖానికీ వాపు.

"వేడి చేసింది, బార్లీ నీళ్ళు తాగితే సరి," అంది ఆంటీ.

"బార్లీ తరవాత ఆంటీ. ముందు టాక్సీ పిలవండి."

పిలిచింది. బార్లీ నీళ్ళ ఫ్లాస్కుతో సహా తనూ ఎక్కింది.

టాక్సీలో రిహార్సల్ పెట్టాను. ఆంటీ కౌంటర్ గుమాస్తా అయింది. "ఏం కావాలి?" అని గద్దించింది.

ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది.

"నవ్వకుండా చెప్పు," అన్నాను.

"మాలాంటి నల్లవాళ్ళం నవ్వకపోతే జనం భయపడతారు సిస్."

"భయపడనీ!"

ఆసుపత్రి కౌంటర్లో నంబరు చీటీ ఇచ్చి కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. "తొమ్మిదో నెల. రెండు రోజులుగా తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు. చేతులూ ముఖమూ వాచాయి. నా బీపీ ఇప్పుడే చూడండి," అంది.

"వేడికి అలా..." అనబోయింది కౌంటరమ్మాయి.

ఆమె అదే మాట మొదటినుంచీ మళ్ళీ చెప్పింది. ఎక్కడా నవ్వలేదు. లోపలినుంచి ఒక నర్సు విని బయటికొచ్చి చెయ్యి పట్టుకు తీసుకెళ్ళింది. బీపీ చూసింది. ఇంకోసారి చూసింది. తరవాత ఆవిడ డాక్టరు గదివైపు నడిచిన వేగం నాకింకా గుర్తే. బీపీ బాగా పెరిగిందని, మూత్రంలో ప్రొటీన్ కూడా పోతోందని తేలింది. వెంటనే చేర్చుకున్నారు. కట్టర్‌తో గాజులు తీస్తుంటే ఆంటీ గోడవైపు తిరిగి నిలబడింది.

మర్నాడు ఆడపిల్ల పుట్టింది. చిన్నది, గొంతు మాత్రం పెద్దది. కాన్పు తరవాత కూడా ప్రమాదం ఉంటుందని తల్లిని ఇంకొన్నాళ్ళు ఉంచుకున్నారు. ఇంటికొచ్చిన రోజు అమెరికా నుంచి వాళ్ళమ్మ ఫోను. ఆవిడ యాసలో నాకు అర్థమైంది ఒక్కటే. "నా పిల్ల ఇంటికొచ్చిందా?" అని మూడుసార్లు అడిగింది. వచ్చిందమ్మా అని మూడుసార్లూ చెప్పాను.

ఆ అమ్మాయీ ఆంటీ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి మనుషుల్ని బట్టే దండాలు పెడతాను. రెండోసారి కూడా బీపీ చూసిన నర్సుకు. కాన్పుల పుస్తకాలు వెతికిపెట్టి, ఎందుకని ఒక్కసారీ అడగని లైబ్రరీ ఆవిడకు. నమ్మకపోయినా టాక్సీ పిలిచిన ఆంటీకి. నోరు విప్పి అడిగిన ఆ అమ్మాయికి. ఆ రోజు తమ నంబర్లు ముందున్నా, ఆమె లోపలికి వెళ్తుంటే కాళ్ళు పక్కకు తీసి దారిచ్చిన నిండు గర్భిణులందరికీ.