ఆవిడ అన్నం తిందాండీ?

నిన్న పొద్దున్న మా కాలేజీ గ్రూపులో మెసేజ్ చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. మళ్ళీ తీసి చూశాను. అదే మెసేజ్.

మా రత్నం మాస్టారు ఇక లేరు.

తాడేపల్లిగూడెం కాలేజీలో మాకు తెలుగు చెప్పారు. పేరున్న ఆధునిక కవి. ఆయన మొదటి పుస్తకంలో ఆడవాళ్ళకి పేర్లుండవు. పొగమంచు, పెదవులు, శూన్యం... అంతే! మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టేవాళ్ళం.

ఒకసారి ఏలూరులో ఆయన సభకి మా అమ్మని తీసుకెళ్ళాను. అమ్మది కొల్లేరు దగ్గర చేపల చెరువుల్లో పని. ఆ రోజు మాస్టారు చదివింది కొల్లేటి నీళ్ళలో నిలబడిన స్త్రీ గురించి. మొదటి పాదంలో ఆవిడ తామరతూడు. ఆఖరి పాదంలోనూ తామరతూడే.

"ఏమైనా అడగాలంటే అడగండి" అన్నారు. అమ్మ లేచింది.

"ఏవండీ, ఆవిడ పొద్దున్నుంచీ నీళ్ళల్లోనే ఉంది కదండీ. అన్నం తిందాండీ?"

హాలంతా ఒకటే నవ్వు. మాస్టారు నవ్వలేదు. చేతిలో కాగితం వంక చూసుకుని, "రాయలేదమ్మా" అన్నారు.

అప్పటినుంచి ప్రతి కవితా అచ్చుకి ముందు నా ఫోన్‌కి వచ్చేది. "మీ అమ్మగారికి చదివి వినిపించు" అనేవారు. బయట అవార్డులొచ్చాయి గానీ, అమ్మ దగ్గర పాస్ మార్కులు రాలేదు!

రెండో పుస్తకంలో ఆడవాళ్ళందరూ నిప్పులు, పిడికిళ్ళు. "అస్తమానూ అంత కోపమైతే ఎలాగండీ? ఒక్కసారైనా నవ్వదా?" అంది అమ్మ ఫోన్‌లో. మూడో పుస్తకానికి వాళ్ళకి పేర్లొచ్చాయి, మాటలొచ్చాయి, మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చాయి. "దగ్గరికొచ్చారండీ. అన్నం మాత్రం ఇంకా తినలేదు" అంది.

మొన్న ఆదివారం ఇంకో కవిత పంపారు. "అమ్మగారు ఏమంటారో" అని కింద రాశారు. ఆఫీసు హడావిడిలో నేను చదివి వినిపించనే లేదు. నిన్నంతా అదే బాధ.

ఇవాళ చెరువు గట్టు మీద అమ్మకి చదివాను. అందులో చేపల పట్టుబడి అయ్యాక ఒకావిడ కూర్చుని క్యారేజీ విప్పుతుంది. కవి పక్కనే నిలబడి ఏదో రాసుకుంటుంటాడు. "గాలికి అడ్డం, కాస్త జరగండి" అంటుంది. తింటుంది. వేళ్ళు నాక్కుని చెయ్యి కడుక్కుంటుంది. అంతే కవిత.

అమ్మ పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "ఇది నేనేనే! మాస్టారికి ఫోన్ చెయ్యి, తిన్నానని చెప్పు."

అని, గుర్తొచ్చి ఆగిపోయింది.

అందుకే ఈ పోస్టులో చెబుతున్నాను.

మాస్టారూ, మీరు పాసయ్యారు. ఆవిడ కడుపు నిండా తింది. ఇక మీరు నిశ్చింతగా పడుకోండి.