రెండు హారన్లు కొట్టేదాకా

దయ్యం, గాలి అని ఎవరన్నా నా అంగడి ముందర మొదలుపెడితే, "నీకు బియ్యం కావాల్నా, కథలు కావాల్నా?" అని అడిగి పంపించేస్తా. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఇరవై ఏండ్లుగా బియ్యం, పప్పుబేడలు అమ్ముతా ఉండాను. మూసేసిన బంగారు గనుల పక్కన పుట్టి పెరిగినోణ్ణి. చిన్నప్పట్నుంచి ఎన్ని దయ్యాల కథలు విన్నానో చెప్పలేను, నమ్మింది ఒక్కటీ లేదు. దీన్ని కూడా మిమ్మల్ని నమ్మమని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్ల చెప్తా, అంతే.

మా జట్టుకు మోటారు బండ్ల పిచ్చి. ఆదివారం వస్తే చాలు, తారు రోడ్డు వదిలేసి తోటల మధ్య మట్టి బాటలు, చెరువు కట్టలు పట్టుకోని పోతాం. ముందు పోయేది సెల్వం, చాంపియన్ రీఫ్స్ గని కూలోళ్ళ లైన్ ఇండ్లలో ఉండే ఎలక్ట్రీషియన్. ఆఖర్న వచ్చేది నాగరాజన్న, పట్టుపురుగులు పెంచే రైతు. అరవై దాటినా బండి ఎక్కితే మనిషిని పట్టలేం. మధ్యలో నేను, బట్టల అంగడి వెంకటేశు. నాలుగు బండ్లు. రెండేండ్ల ముందు అయిదు ఉండేవి. అయిదోది నా తమ్ముడు మురళిది.

మాకు ఒకే ఒక రూలు. దుమ్ములో ముందు బండి కనపడదు కాబట్టి, బాట చీలిన చోట రెండో బండివాడు ఆగి, చెయ్యి చాచి దారి చూపాల. ఆఖరి బండి వచ్చి రెండు హారన్లు కొట్టేదాకా కదలకూడదు. చెయ్యి చూపేవాణ్ణి ఎవరూ ఎందుకు, ఏమి అని అడగరు. ఎటు చూపిస్తే అటు పోవడమే.

అప్పట్లో ఆ పని మురళిది. ఎర్ర హెల్మెట్టు, దాని మింద అడ్డంగా తెల్ల టేపు. ఎడమ చెయ్యి చాచి, కుడి చెయ్యి నడుం మింద పెట్టుకోని, ట్రాఫిక్ పోలీసు మాదిరి నిలబడేవాడు. మేం ఎగతాళి చేస్తే ఇంకా బిగుసుకునేవాడు. ఒకసారి వాన జోరుగా పట్టుకుంటే, ఆ దినం నాగరాజన్నకు బదులు ఆఖర్న ఉన్న నేను రాకముందే కదిలిపోయినాడు. నేను తప్పు దారిలో పోయి పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నా. ఆసుపత్రిలో అందరి ముందర, "ఒక్క చోట నిలబడేది కూడా చేతకానోడివి, ఇంగ నా మొగం చూడొద్దు" అనేసినాను.

వాడు నిజంగానే చూడలేదు. మా ఇండ్ల మధ్య ఉండేది ఒక్క గోడ. రెండేండ్లు మాటల్లేవు. మాట జారింది నేనే, పోయి పిలవాల్సిందీ నేనే. పొగరు అడ్డం వచ్చింది. వాడి బండి శబ్దం వినపడితే మాత్రం అంగట్లో తూకం ఆపి బయటికి చూసేవాణ్ణి.

ఇది జరిగిన ఆదివారం భలే ఉండింది పొద్దు. రాగి కోతలు అయిపోయినాయి. ఒక ఊరి బాటలో ఆడోళ్ళు రాగి వెన్నులు పరిచి, చక్రాలు తొక్కితే గింజ రాలుతుందని కాసుకోని ఉండారు. మేం మర్యాదగా బండ్లు ఆపినాం. ఒకామె చీపురు ఎత్తుకోని వచ్చింది.

"ఆగేది ఎందుకప్పా? తొక్కండి! ఇంగో సుత్తు తిరిగి రాండి!"

ఇంగేముంది, సుత్తు మింద సుత్తు కొట్టినాం. మూడో సుత్తులో వెంకటేశు బండి జారి, రాగుల మింద దొర్లినాడు. ఆడోళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఒకటే నవ్వు. నాకు కండ్లలో నీళ్ళు వచ్చినాయి నవ్వి నవ్వి. మజ్జిగ తాగించి గానీ పంపలేదు.

ఈ సందట్లో సెల్వం ముందుకు పోయినాడు. ఆ పొద్దు పోవాల్సిన కొండకు దారి వానికే తెలుసు. రెండో బండి నాది, అంటే తరువాతి చీలికలో నిలబడాల్సింది నేను. గబగబా తోలినా. వాని దుమ్ము కూడా కనపడలేదు.

మామిడి తోట మూల తిరిగితే చీలిక. పొద్దున పదిన్నర, ఎండ బాగా కాస్తా ఉండాది. అక్కడ ఒకడు నిలబడి ఉండాడు. ఎర్ర హెల్మెట్టు, తెల్ల టేపు. ఎడమ చెయ్యి చాచి, కుడి చెయ్యి నడుం మింద.

మా మురళి! మమ్మల్ని కలిపేదానికి సెల్వమే వీణ్ణి పిలిపించినాడు అనుకున్నా. భలే సంతోషం వేసింది. దాని వెనకాలే పొగరూ వచ్చింది. ఆగలేదు. మొగం తిప్పుకోని, వాడు చూపిన ఎడమ బాట పట్టినాను. మూడడుగుల దూరంలో దాటిపోయినా. వెనక వెంకటేశు "ఓయ్ మురళీ!" అని అరిచింది కూడా విన్నాను.

ఒక కిలోమీటరు పోయుంటా. కాలవ మింద చిన్న మోరీ వంతెన. పక్కన కాలవలో, కంపల మధ్య ఒక బండి చక్రం పైకి లేచి ఉండాది. దాని కింద ఎర్ర హెల్మెట్టు, తెల్ల టేపు.

నా బండి యాడ పడేసినానో తెలీదు, కాలవలోకి దూకినా. వాడి కాలు బండి కింద ఇరుక్కోని ఉండాది. మొగమంతా మన్ను. కండ్లు తెరిచి, "వచ్చినావా అన్నా" అన్నాడు. రెండేండ్లకు మొదటి మాట. నేను గొల్లున ఏడ్చేసినాను, సిగ్గేమీ లేదు చెప్పుకునేదానికి.

వెంకటేశు వచ్చి, వెనక్కి చీలిక వైపు చూసి, మళ్ళీ కాలవలోకి చూసినాడు. వాని వెనకాలే నాగరాజన్న. కాలవలోకి చూసి ఆయన మొగం తెల్లబోయింది.

"ఒరే, ఇప్పుడే కదరా చీలికలో రెండు హారన్లు కొడితే నాకు చెయ్యి ఎత్తినావు?"

"నేను యాడికి కదిలేది నాగరాజన్నా? ఎనిమిదిన్నర నుంచి ఇక్కడే ఉండా."

మా ఆవిడ, వాడి పెండ్లాం రోజూ గోడ దగ్గర నిలబడి మాట్లాడుకుంటారు. మేం ఆ కొండకు పోతామని అట్ల తెలిసిందంట. ముందే వచ్చి, అనుకోకుండా ఎదురైనట్ల మాలో కలిసిపోదాం అనుకున్నాడంట. దారి సరిగ్గా తెలీక చీలికలో ఎడమకు తిరిగి, మోరీ దగ్గర ఇసుకలో జారినాడు. ఫోను నీళ్ళపాలు. అరిచి అరిచి గొంతు పోయింది.

బండి ఎత్తి వాణ్ణి బయటికి లాగేసరికి సెల్వం వెతుక్కుంటా వచ్చినాడు, ఒళ్ళు మండిపోతా. "కుడికి పోవాల్సినోళ్ళని ఎడమకు పొమ్మనింది ఎవుర్రా?"

ముగ్గురం మురళి వైపు చెయ్యి చూపినాం. అంత నొప్పిలో కూడా వాడు పగలబడి నవ్వినాడు.

పాల వ్యాను ఒకటి దొరికితే దాంట్లో ఆసుపత్రికి తీసుకుపోయినాం. మడమ దగ్గర ఎముక చీలింది, అంతే. కొండ మింద తినాలని కట్టుకోని పోయిన పులిహోర ఆసుపత్రి మెట్ల మింద విప్పినాం. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కోని తిన్నాం. వాడికి నేనే తినిపించినా. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

మరుసటి దినం ఒక్కణ్ణే ఆ చీలిక దగ్గరికి పోయినా. మెత్తటి దుమ్ము. మా బండ్ల గుర్తులు ఎడమకు తిరిగి ఉండాయి. ముందు దినం పొద్దున మురళి ఆగకుండా పోయిన గీత ఒకటి ఉండాది. మాకు చెయ్యి చూపినోడు నిలబడిన చోట అడుగు గుర్తు ఒక్కటీ లేదు. ఎవరో వేరేవాడు అయ్యుంటాడు అంటాడు సెల్వం. వేరేవాడికి ఆ టేపు, ఆ నడుం మింద చెయ్యి యాడివి?

ఇప్పుడు మళ్ళీ అయిదు బండ్లు. చీలికల్లో నిలబడేది మురళి. నాగరాజన్నను బతిమాలి ఆఖరి బండి నేను తీసుకున్నా. వాడి దగ్గర ఆగి, రెండు హారన్లు కొట్టి, భుజం గట్టిగా తట్టి చూస్తా. "ఏమన్నా, నేనేనా?" అని నవ్వుతాడు.

ఆ పొద్దు అక్కడ నిలబడింది ఎవరో నాకు ఈనాటికీ తెలీదు. ఎవరైనా కానీ, ఆఖరి బండి వచ్చేదాకా కదల్లేదు.