చాపిన కాళ్లు

ఆ వేసవిలో మామా, అంటే మా యజమానురాలు, పిల్లల్నీ చుట్టాల్నీ వెంటేసుకుని కువైట్ సరిహద్దు దాటి, ఎడారి పైనున్న కొండ అడవిలో గుడారాలు వేయించింది. మంచాన పడ్డ అత్తగారి కోసం మా ఇద్దరు పనివాళ్లలో ఒకరు ఇంట్లో ఉండాలి. నాతో పనిచేసే కడప అక్క ఉండిపోయింది. నేను వెళ్లాను.

పైన చెట్ల మధ్య పొగమంచు. వంటయ్యాక దుప్పటి కప్పుకుని టీ తాగుతుంటే అక్క ఫోన్ చేసింది. పాపం నాలుగు గోడల మధ్య ఉంది, నా సుఖం ఎలా చెప్పను?

"ఏముందక్కా, అంతా రాళ్లే. కట్టెలు మోసి మోసి కాళ్లు పీకుతాండాయి" అన్నాను. కట్టెలన్నీ మామా కొడుకులే తెచ్చారు.

తిరిగొచ్చేసరికి అక్క నూనె వేడి చేసి పెట్టింది. వద్దంటున్నా నా పాదం ఒళ్లోకి లాక్కుంది. వారమంతా ముసలామెను ఒక్కతే ఎత్తి దించిన చేతులతోనే మర్దన మొదలుపెట్టింది.

"వచ్చే ఏడు ఆ కష్టమేదో నేను పడతాలే పాపా, నువ్వీడుండు" అంది.

"అక్కా, ఆ కట్టెలు..." అని మొదలుపెట్టాను.

"ఆ కాలు గూడా ఇటియ్యి" అంది.

ఇచ్చాను.