జెన్నీ తీసేసిన ఖాతా

చిన్న మంగళారం ఊరి జెన్నీ మొయినాబాద్ దగ్గరి ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పనిచేసేది. యూనివర్సిటీ పేరుతో నడిచే సోషల్ మీడియా ఖాతాలన్నిటినీ వెబ్‌సైట్‌లో ఒక్కచోట చూపించే పేజీ ఆమె చేతిలో ఉండేది. ఏ ఖాతా ఏ విభాగానిది, నడిపేదెవరు, అది అసలుదా దొంగదా అని చూసుకోవాలి. అందులో ఒక ఖాతా పేరు పెట్టామంటే దాని మాటలకు మనమే పూచీ అని జెన్నీ గట్టిగా నమ్మేది.

ఒకరోజు పొద్దున బస్సులో ఆలూరు కరుణమ్మ పక్కన సీటు దొరికింది. కరుణమ్మ ఆ యూనివర్సిటీ మెస్‌లోనే వంట చేస్తుంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఆ రోజు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

“ఏమైంది పెద్దమ్మా?”

“జర గిది చూడు బిడ్డా. మా కోడలు పంపింది,” అని ఫోన్ చేతికిచ్చింది.

కల్చరల్ క్లబ్ ఖాతాలో పెట్టిన వీడియో అది. విద్యార్థులు కరుణమ్మ చేత ఏదో ఇంగ్లీషు వంటకం పేరు పదే పదే పలికించారు. ఆమె తడబడినప్పుడల్లా వెనక నుంచి పకపకా నవ్వులు కలిపారు. కింది కామెంట్లు జెన్నీ చివరిదాకా చదవలేకపోయింది.

“కూర బాగున్నదని వీడియో తీస్తున్నరు అనుకున్న. అందుకే నవ్వుకుంట నిలబడ్డ. చర్చిల సుత అందరు చూసిండ్రు.”

జెన్నీకి ఒళ్లు మండిపోయింది. బస్సు దిగి నేరుగా, క్లబ్ ఖాతా చూసుకునే లెక్చరర్ శ్రవణ్ దగ్గరికి వెళ్లింది.

“పిల్లలు సరదాకు చేసిండ్రు. ఇన్ని లైకులు మనకు ఎప్పుడు రాలే,” అన్నాడతను.

“ఆమెను అడిగిండ్రా సార్?”

“మెస్ ఆంటీని అడిగేదేమున్నది?”

జెన్నీ వెనక్కి తిరిగింది. తన గదికి వచ్చి ఆ ఖాతాను పేజీలోంచి తీసేసింది. మధ్యాహ్నం రిజిస్ట్రార్ పిలిపించాడు.

“ఎవర్ని అడిగి తీసేసినవ్?”

“అది మన పేజీల ఉంటే, ఆమెను మనమే ఎగతాళి చేసినట్టు సార్. వీడియో తీసేసి, అదే ఖాతాల క్షమాపణ చెప్పుమనుండ్రి. మళ్ల పెడ్త.”

“షరతులు పెట్టనీకి నువ్వెవరు?”

సాయంత్రానికి వీడియో మాయమైంది. క్షమాపణ మాత్రం రాలేదు. క్లబ్ పేరు మళ్లీ పేజీలోకి వచ్చింది, జెన్నీ పాస్‌వర్డ్ పనిచేయడం మానేసింది. మర్నాడు ఆమెను అడ్మిషన్ల కౌంటర్‌లో కూర్చోమన్నారు.

“తప్పు చేసినోళ్లు ఉన్నకాడనే ఉన్నరు. నన్నెందుకు మార్చిండ్రు?” అని ఆఫీసులో అందరి ముందూ అడిగింది. అందరూ కంప్యూటర్లలోకి తలలు దూర్చారు.

ఆ సంగతి కరుణమ్మ చెవిన పడింది. భోజనాల వేళ శ్రవణ్ పళ్లెం చాపితే, గరిటె పక్కన పెట్టేసింది.

“సార్, నా మొఖం అందరికి చూపెట్టేటప్పుడు నన్నెందుకు అడగలే? నా తరఫున మాట్లాడిన పిల్లను ఆ పనిలకెల్లి ఎందుకు ఎళ్లగొట్టిండ్రు?”

వరుసలో ఉన్నవాళ్లంతా అతని వైపు తిరిగారు. శ్రవణ్ అటూ ఇటూ చూసి, “సారీ ఆంటీ” అని గొణిగాడు.

“నా పేరు కరుణమ్మ,” అంది ఆమె, అన్నం వడ్డిస్తూ.

ఆ పూట కరుణమ్మ మనసు కొంత కుదుటపడింది. జెన్నీకి మాత్రం కోపం దిగలేదు. వీడియో అప్పటికే ఎందరి ఫోన్లలోకో ఎక్కింది. కౌంటర్ దగ్గర యూనివర్సిటీ గురించి అడిగే తల్లిదండ్రులకు ఆమె ఫీజులూ కోర్సులూ చెప్పేది. ఆ ఖాతాల పేజీ చూడమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.