కుండలు చేసే ఊరి పిల్ల

తమ్ముడు పెళ్ళి చేసుకుంటానన్న అమ్మాయిది డాగెస్తాన్. రష్యాకి దక్షిణపు కొసన, కాకసస్ కొండల్లో ఉంది. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఇద్దరిదీ ఒకే ఆఫీసు. బాబాయి చూసి సరే అంటే మాకూ సరే అన్నారు ఇండియాలో ఉన్న అమ్మానాన్నలు. అందుకని ఒక ఆదివారం ముగ్గురం శాన్ రామన్‌లో బాబాయి ఇంటికి భోజనానికి వెళ్ళాం.

పిల్ల తెల్లగా ఉందని పిన్ని మురిసిపోయింది. అక్కడే నాకు సగం ఆకలి చచ్చింది.

మీ ప్రాంతం ఎలాంటిదని బాబాయి అడిగాడు. ఆ అమ్మాయి ఉత్సాహంగా చెప్పింది. ఒక పక్క కాస్పియన్ సముద్రం, చేపలు, కాస్త చమురు. మిగతాదంతా కొండలే. గొర్రెల మందలు, మెట్లు మెట్లుగా చెక్కిన చేలల్లో ఆప్రికాట్ చెట్లు. లోయ దాటితే భాష మారిపోతుందట. అవార్లు, దార్గిన్లు, కుమిక్‌లు, లెజ్గిన్లు, ఇంకా ఎన్నో జాతులు. తనది లాక్ జాతి. ఒక్కో ఊరిది ఒక్కో పనితనం. ఒకచోట వెండిపని, ఇంకోచోట తివాచీలు. వాళ్ళమ్మ పుట్టిన ఊళ్ళో ఆడవాళ్ళు కుండలు చేస్తారు. అమ్మమ్మ చేసిన కూజాని ఫోన్‌లో చూపిస్తుంటే పిల్ల ముఖం వెలిగిపోయింది.

వీళ్ళలో పైవాళ్ళెవరని బాబాయి ఇంగ్లిషులో అడిగాడు. ఆ ప్రశ్నేమిటో ఆమెకి అర్థం కాలేదు. ఆయన తమ్ముడి వైపు తిరిగాడు.

"అంటే కుమ్మరోళ్ళన్నమాట. మీ నాన్నకి ఏమని చెప్పమంటావ్ రా?"

పిన్ని అంతసేపూ ముచ్చటపడి చూస్తున్న ఫోన్‌ని పక్కకి జరిపింది. తన ఒంటిరంగు చూసి ఆఫీసులో ప్రమోషన్ ఇవ్వలేదని ఏళ్ళ తరబడి వాపోయిన మనిషి బాబాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు.

ఆయనేమన్నాడని ఆ అమ్మాయి అడిగితే, మీ అమ్మమ్మ పనిని మెచ్చుకుంటున్నాడని తమ్ముడు నవ్వుతూ చెప్పాడు. ఆ వెంటనే తెలుగులో నాతో అన్నాడు.

"అక్కా, వాళ్ళమ్మ టీచరే కదా. ఇంట్లో అదొక్కటే చెప్దాం. కుండల మ్యాటర్ స్కిప్ చేసేయ్."

బాబాయి మీద కలిగిన రోత దీని ముందు ఏపాటిది? వాణ్ణి నేను చంకనేసుకుని పెంచాను. కలిపిన ముద్ద నోట పెట్టబుద్ధి కాలేదు.

చెయ్యి కడుక్కొచ్చి, ఇద్దరి మాటలూ ఉన్నవున్నట్టు ఇంగ్లిషులో చెప్పాను. బాబాయి ఏదో సర్దబోయాడు. ఆ అమ్మాయి ఆయన వైపు చూడనే లేదు. మా అమ్మమ్మని దాచేస్తావా అని తమ్ముణ్ణి అడిగింది.

పెళ్ళి ఆగిపోయింది. నేనే చెడగొట్టానని తమ్ముడు ఇప్పటికీ నాతో మాట్లాడడు. మాట్లాడకపోతే మానె.