అర్జీల కట్టలో చీటీ

ఎనిమిదేళ్లుగా ఒక చీటీని మోస్తున్నాను. అరచేతిలో ఇమిడేంత కాగితం. మార్కాపురంలో నా నోటికి జడిసేవాళ్లే ఎక్కువ. అలాంటి నాకు ఈ ఒక్క మాటకే నోరు రాలేదు. మీకు చెబుతున్నాను. మీరైతే మధ్యలో అడ్డం రారు కదా.

మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు. పళ్లకు గార, నడివయసుకే బిగుసుకుపోయే మోకాళ్లు. మంచినీళ్ల కోసం నేను ఎక్కని ఆఫీసు లేదు, రాయని అర్జీ లేదు. మా చెల్లెలి కాళ్లు తడబడటం మొదలైనప్పుడు దిగులు పడ్డాను. దిగులుతో పాటు, ఎలా చెప్పను, సాక్ష్యం దొరికిందని కూడా అనిపించింది. ఆమెను వెంటబెట్టుకుపోయి, "చూడండి, ముప్పై ఏళ్లకే ఈ నడక" అని అధికారుల ముందు నిలబెట్టాను.

కనిగిరిలో ఒక డాక్టరు ఒప్పుకోలేదు. కన్ను మసకబారడం, వచ్చిపోయే తిమ్మిర్లు నీళ్ల వల్ల కాదన్నాడు. వెంటనే నరాల డాక్టరుకు చూపించమని నా చేతికి చీటీ రాసిచ్చాడు. చెల్లెలు బయట బల్ల మీద ఉంది.

"ఏమన్న్యాడక్కా?"

"ఏమంటాడు? మన నీళ్ల జబ్బే అన్నాడు."

"మరి కన్ను ఎందుకు మసకేసింది?"

"ఎండన పడి తిరిగితే మసకెయ్యదా? అన్నీ నీకే కావాల."

"సరేలే. రేపు మళ్లా ఆఫీసుకు తోలుకపో, సంతలో బర్రెను చూపిచ్చినట్ల."

ఇద్దరం నవ్వాము. చీటీ అప్పటికే నా సంచిలో, అర్జీల కట్టలో ఉంది.

ఎందుకు దాచాను? డాక్టరు చెప్పింది తప్పనుకున్నానా? లేదు. ఆయన చెప్పింది ఒప్పయితే ఇన్ని ఆఫీసుల్లో నేను అరిచిన అరుపులకు సాక్ష్యం పోతుంది, నవ్వులపాలవుతాను, అదీ నా భయం. చెల్లెలి కాళ్లకంటే నా మాట నెగ్గడమే నాకు ముఖ్యమైపోయింది.

రెండేళ్ల తర్వాత ఆమె నడుస్తూ నడుస్తూ కూలబడింది. హైదరాబాదులో తీసిన స్కానింగులో మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. ఒంటిని కాపాడే బలగమే తిరగబడి నరాల పైపూతను తినేస్తుందట. మందులకు లొంగలేదు. చివరికి ఆమె మూలకణాలే తీసి దాచి, ఆ బలగాన్ని ఘాటు మందులతో తుడిచేసి, ఆ కణాలనే తిరిగి ఎక్కించారు. "ఇది జబ్బును ఆపడానికమ్మా. పోయినదాన్ని తెచ్చివ్వలేం" అన్నాడు అక్కడి డాక్టరు. ఇంతకుముందు ఎవరూ నరాల డాక్టరు దగ్గరికి పంపలేదా అని అడిగితే, చెల్లెలికంటే ముందు నేనే "లేదండీ" అన్నాను.

ఆమె జుట్టంతా ఊడిన ఆ వారాల్లో పక్కనే ఉన్నాను. ప్రేమతోనా, పాపభయంతోనా? రెండూ అనుకుంటాను.

ఇప్పుడు స్కానింగులో కొత్త మచ్చలు లేవు. చేతికర్రతో కూరగాయల బజారుకు పోయి బేరమాడి వస్తోంది. ఎడమకాలు మాత్రం ఈడుస్తుంది. ఆ రెండేళ్లలో పోయింది ఆ కాలే కావచ్చు, కాకపోవచ్చు. "మా యక్క లేకుంటే నేను లేను" అని ఆమె అందరికీ చెబుతుంటే తల దించుకుంటాను. వాళ్లు దాన్ని వినయం అనుకుంటారు.

ఇవాళ ఆ చీటీని ఆమె ఫైలులో పెట్టాను. తేదీల వరుసలో అదే మొదటి కాగితం. చాలా రోజుల తర్వాత అన్నం సహించింది. రేపు చెకప్‌కు పోతున్నాము. చెల్లెలు ఫైలు ఎవరికీ ఇవ్వదు, బస్సెక్కగానే మొదటి కాగితం నుంచి తిరగేస్తుంది. పక్క సీటు నాదే. ఏమన్నా సరే, ఎదురు చెప్పను.