అడ్డగాలీ, గుమ్మడికాయా

పుంగనూరులో ఇంటింటికీ పాలు పోసే నారాయణస్వామి సైకిలు తొక్కే తీరు చూసి కొత్తవాళ్ళు ఆయనకు నడుము పట్టేసిందని అనుకునేవారు. ఆడినెల, అంటే ఆషాఢం, వచ్చి పడమటి గాలి మొదలైందంటే చాలు, చక్రం ఒక దిక్కు, మనిషి మొహం ఇంకో దిక్కు, ప్రయాణం మూడో దిక్కు. ముక్కు గాలిలోకి తిప్పి ఎండ్రకాయలాగా పక్కవాటుగా వచ్చేవాడు. అరుగు దగ్గరికి రాగానే చివరి క్షణంలో హ్యాండిలు ఠక్కున సరిచేసి ఆపేవాడు. చాలాసార్లు ఆగేది. ఆగనిసార్లు గాలి పోయే వైపుకు పాలక్యాను ఒరిగి వీధికుక్కలకు పండగయ్యేది. ఆ కుక్కలకు దిక్కులు తెలుసు. ఆడినెల పొడుగునా అవి అటుపక్కనే కాచుకుని కూర్చునేవి.

"కాలు కింద పెడితే నిలబడేదానికి ఇంత తంటా యాలయ్యా?" అనేది భార్య కృష్ణమ్మ.

"నిలబెట్టేది ఎవుడైనా నిలబెడతాడు మే. దించేది వేరే."

ఆ దించే విద్య ఒకప్పుడు ఆయనకు అన్నం పెట్టింది. పెద్ద యుద్ధం ముగిసిన కొత్తల్లో సైన్యం వదిలేసిన డకోటా విమానాలు పాతసామాన్ల లెక్కన అమ్ముడుపోయాయి. వాటిని కొనుక్కుని చిన్నచిన్న కంపెనీలు చాలా లేచాయి. అలాంటి ఒకదానిలో నారాయణస్వామి పైలటు. మద్రాసుకు చదువుకోను పోయి, చదువు మాని ఎగరడం నేర్చుకున్న మనిషి. పక్కసీటు మదనపల్లె ఉస్మాన్‌ది. ఉస్మాన్ వాళ్ళ నాయన బెంగుళూరులో ఫ్లయింగు క్లబ్బుకు యూనిఫారాలు కుట్టేవాడు. కొలతలు తీసుకోవడానికి పోయిన కొడుకు కుట్టుకూలికి బదులు పాఠాలు చెప్పించుకున్నాడు.

ఆనాటి విమానాల సంగతి ఈనాటివాళ్ళకు చెబితే కట్టుకథ అంటారు. కిటికీ తెరిచి చెయ్యి బయట పెట్టవచ్చు. దారి తప్పితే రైలుపట్టా వెతుక్కుని, స్టేషను మీద కిందికి దిగి, పలక మీద ఊరిపేరు చదువుకోవచ్చు. ఒకసారి పలకకు రైలుబండి అడ్డమొస్తే అది కదిలేదాకా స్టేషను చుట్టూ తిరిగారు. ప్రయాణికులను మూటలతో సహా కాటా వేసి, లావువాళ్ళను ముందుకూ బక్కవాళ్ళను వెనక్కూ సర్దేవారు. అందువల్ల కొత్తదంపతులు ఎడమొహం పెడమొహంగా ఊరు చేరిన సందర్భాలు ఉన్నాయి. ఇక సరుకంటారా, కోడిపిల్లల బుట్టలు, తమలపాకుల కట్టలు, ఒకసారి ఒక దొరగారి హార్మోనియం. దాన్ని వాయించే మనిషి మాత్రం రైల్లో వచ్చాడు.

తర్వాత ప్రభుత్వం కంపెనీలన్నిటినీ ఒకటి చేసింది. కొత్త పరీక్షలు వచ్చాయి, కొత్త దొరలు వచ్చారు. మనవాళ్ళిద్దరూ తలా ఒక తోలుటోపీతో రైలెక్కి ఇంటికి వచ్చారు. ఒకరు పాలు, ఒకరు కుట్టుమిషను.

మిగిలింది అడ్డగాలి గొడవ ఒకటే. గాలి ఎదురొస్తే విమానానికి మంచిదే, మెల్లగా దిగుతుంది. పక్కనుంచి కొడితేనే తంటా, దిగేచోటునుంచి పక్కకు తోసేస్తుంది. పూర్వం తెరచాప ఓడల వాళ్ళు కూడా ఈ అడ్డగాలి మీదే పోట్లాడుకుని ఒకరి గడ్డం ఒకరు పీక్కున్నారని చెబుతారు. నారాయణస్వామి పద్ధతి ఎండ్రకాయ నడక. ముక్కు గాలిలోకి తిప్పి పక్కవాటుగా వచ్చి, నేల తగిలేముందు సరిచెయ్యడం. ఉస్మాన్ పద్ధతి గాలి వచ్చే వైపు రెక్క వంచి, ఆ వైపు చక్రం ముందుగా ఆనించడం. పాతికేళ్ళుగా ప్రతి మంగళవారం పుంగనూరు నుంచి బస్సెక్కి మదనపల్లెలో ఉస్మాన్ అంగడికి పోవడం, సాయంత్రందాకా ఈ తగవు పడటం, మళ్ళీ బస్సెక్కడం. అంగట్లో ఇస్త్రీపెట్టె ఉస్మాన్ విమానం, కత్తెర నారాయణస్వామి విమానం.

"అరె స్వామీ, రెక్క వంచకుండా దించితే టైరు ఏమైతాదో తెలుసునా? నీ సైకిలు టైరు మాదిరి అయితాది."

"రెక్క వంచి దించితే నేలకు తగల్దా? నేల దున్నేదానికి ఎద్దులుండాయి, ఇమానం యాల?"

"నేను దించినప్పుడు యాడన్నా తగిలిందా?"

"పక్కన నేనుంటిని గదా, అందుకని తగల్లేదు."

"కొలత తీసుకోప్పా ఉస్మానన్నా, రేపు పెండ్లి" అని ఎవరైనా చొక్కా గుడ్డతో నిలబడితే, ఉస్మాన్ ఇస్త్రీపెట్టెను గాల్లో అలాగే పట్టుకుని, "ఉండప్పా, గాలి అడ్డంగా ఉండాది" అనేవాడు.

నారాయణస్వామికి మనసులో మిగిలిపోయిన కోరిక ఒకటే. చచ్చేలోపల ఒక్కసారి అడ్డగాలిలో దిగే విమానంలో కూర్చోవాలి. పైలటు ఎలా దించుతాడో కళ్ళారా చూసి, అది ఉస్మాన్ మొహాన చెప్పి, ఈ తగవు తెంచాలి.

పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిదిలో ఆ అవకాశం గొంగళిపురుగుల రూపంలో వచ్చింది. రామకుప్పం వైపు శనక్కాయ చేలల్లో ఎర్ర గొంగళి పడింది. ఆకాశం నుంచి మందు కొట్టడానికి చిన్న విమానం వస్తుందన్నారు. అది దిగడానికి చెంగయ్య తన బీడు ఇచ్చాడు. చెంగయ్య కృష్ణమ్మకు అన్న, నారాయణస్వామికి బావ. మంచి రైతు, అంతకంటే మంచి వాస్తు నమ్మకస్తుడు. బాట తూర్పు పడమరగా చదును చెయ్యమని సర్కారు కాగితంలో ఉంటే, విమానం యముడి దిక్కుకు వీపు పెట్టి కుబేరుడి దిక్కుకు దిగాలని ఉత్తర దక్షిణంగా చేయించాడు. ఆడినెలలో పడమటి గాలి దానికి సరిగ్గా అడ్డం. కోస్తానుంచి వచ్చిన కుర్ర పైలటు దాన్ని చూసి తల పట్టుకుని, "కనీసం గాలిగొట్టమైనా పెట్టించండి" అన్నాడు.

గాలిగొట్టం అంటే రెండువైపులా తెరిచిన గుడ్డ సంచి. కొయ్యకు కడితే ఎగిరి గాలి ఎటునుంచి వస్తుందో, ఎంత బలంగా ఉందో చూపిస్తుంది. కుప్పంలో ఎవరికీ అది కుట్టడం రాదు. ఇమానం టైలరు అనే పేరు మదనపల్లె నుంచి కుప్పందాకా పాకి ఉంది కాబట్టి ఉస్మాన్‌కు కబురు పోయింది. ఎవరో స్థూలకాయుడు కుట్టించుకుని తీసుకుపోని పైజామా అంగట్లో పడి ఉంది. దాని ఒక కాలు కత్తిరించి గాలిగొట్టం చేశాడు. ఏనుగులు రాకుండా కాపలా కాసే మంచె మీద కొయ్య పాతి దాన్ని కట్టారు. నారాయణస్వామీ కృష్ణమ్మా కూడా వచ్చారు. పుట్టింటికి కదా అని కృష్ణమ్మ తమ పాదుకు కాసిన బూడిదగుమ్మడికాయ తెచ్చింది.

మందు కొట్టడం ముగిసిన రోజు, ముసలివాళ్ళిద్దరి తగవు విని విని విసిగిన పైలటు అన్నాడు: "వెనక ఒక సీటుంది. మీలో ఒకరిని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పుతాను. బరువు తక్కువున్నవారు రండి."

చెంగయ్య కళ్ళంలో శనక్కాయ మూటలు తూచే కాటా మీద ఇద్దరూ నిలబడ్డారు. నారాయణస్వామి చెప్పులు విడిచాడు, తలపాగా తీశాడు, నోట్లో వక్కాకు ఉమిసి వచ్చాడు. ముల్లు ఇద్దరికీ ఇంచుమించు ఒకేచోట ఆగింది. ఉస్మాన్‌కు ఒక్క రవ్వ ఎక్కువ.

ఉస్మాన్ జుబ్బా జేబు కిందికి జారి ఉంది. అందులో టైలరు కత్తెర, ఇనపది, పెద్దది. నారాయణస్వామి దాన్ని చూశాడు. నోటిదాకా మాట వచ్చింది. విమానం వైపు చూశాడు. మాట వెనక్కి పోయింది.

"పో స్వామీ" అన్నాడు ఉస్మాన్. "కండ్లు పెట్టి సూసి రా."

నారాయణస్వామి తనతో తెచ్చుకున్న పెట్టెలోనుంచి తోలుటోపీ తీసి పెట్టుకున్నాడు. పాతికేళ్ళలో తోలు కుంచించుకుపోయిందో తల పెరిగిందో, అది నెత్తిన వక్కాకుల సంచిలా కూర్చుంది. కృష్ణమ్మ గుమ్మడికాయ పట్టుకుని పైలటు దగ్గరికి వచ్చి, "నాయినా, దీన్ని ఇమానానికి యాడన్నా కట్టు, దిష్టి తగలకుండా" అంది. కొత్త ఇంటికి చూరున కడతాం, కొత్త బండికి ముందు కొడతాం, ఇంత పెద్ద వాహనానికి ఏమీ లేకపోతే ఎలా అన్నది ఆవిడ ప్రశ్న. పైలటు కుదరదన్నాడు. విమానం లేచింది.

అంత ఎత్తున కిందికి చూస్తే, ఇన్నాళ్ళూ బస్సులో గంటలకొద్దీ కూలబడి వచ్చిన దారంతా ఒక పోగులా కనబడింది. నారాయణస్వామి కిటికీ తెరవబోయాడు. అది తెరుచుకునే కిటికీ కాదు. ఆ ఒక్కటీ నచ్చలేదు.

తిరిగి దిగబోతూ పైలటు గాలిగొట్టం వైపు చూసి, "అదృష్టమండీ, గాలి పూర్తిగా పడిపోయింది" అని అరిచాడు.

నిజంగానే గొట్టం నిట్టనిలువునా వేలాడుతోంది. అయితే దాని కిందే చెంగయ్య పంచె జెండాలాగా కొట్టుకుంటోంది. పాత పైలటు ఆ రెండూ చూశాడు. "గాలుండాది నాయినా, గాలుండాది" అని ఆయన అరిచిన అరుపు ఇంజను మింగేసింది. విమానం తిన్నగా దిగుతూ దిగుతూ మెల్లగా పక్కకు జారి రాగిచేని మీదికి పోయింది. పైలటు ఏదో బూతు తిట్టి మళ్ళీ పైకి లేపాడు.

ఈసారి గాలి ఉందని పైలటుకు తెలిసిపోయింది. అడ్డగాలి, ఉత్తర దక్షిణంగా బాట, ఎదుట కూర్చున్న పైలటు చేతులు. పాతికేళ్ళ మంగళవారాలకు జవాబు రాబోతోంది. నేల దగ్గరపడింది. నారాయణస్వామి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి విమానం ఆగి ఉంది.

కింద కృష్ణమ్మ ఎదురొచ్చింది. "సూసినావా, మొదుట దిష్టి తగిలి పక్కకు పాయ. గుమ్మడికాయ ఉండబట్టి రెండోసారి దిగింది."

"ఏ గుమ్మడికాయమ్మా?" అన్నాడు పైలటు.

"కట్టుకోనంటివి గదా నాయినా. ఉట్టి దొరకల్యా. ఆ గుడ్డసంచి ఊరికే ఎగురుతాంటే దాంట్లో ఏసి అడుగున ముడేస్తి."

పైలటు మంచె వైపు చూశాడు. పైజామా కాలిలో గుమ్మడికాయ గుండ్రంగా నిండుగా వేలాడుతోంది. అతను రెక్క కింద నీడలో కూలబడి మంచినీళ్ళు అడిగాడు. ఉస్మాన్ మంచె ఎక్కి, జేబులోనుంచి కత్తెర తీసి ముడి కత్తిరించాడు. కాయ కిందపడి పగిలింది. అదీ శాస్త్రమేనని కృష్ణమ్మ సంతోషించింది. గొట్టం లేచి తూర్పుకు నిగిడింది.

ఆ కత్తెర చూడగానే నారాయణస్వామికి కాటా ముల్లు గుర్తుకొచ్చింది.

"చెప్పు స్వామీ" అన్నాడు ఉస్మాన్ దిగి వస్తూ. "ఎట్ల దించె?"

"రెక్క వంచినాడప్పా. నువ్వు చెప్పిందే నిజం."

ఉస్మాన్ కత్తెర జేబులో వేసుకున్నాడు. "నక్కో స్వామీ, అట్ల చెప్పొద్దు. నేను కిందనుంచి సూస్తాండ్లా? ఎండ్రకాయే. నీదే గెలుపు."

"లోపల కూసున్నోన్ని నేను."

"బయట నిలబడినోన్ని నేను. బయటోనికి రెండు రెక్కలూ కనపడతాయి."

పైలటును అడిగారు. "గుర్తులేదండీ. దిగాం, అంతే" అన్నాడు.

తర్వాత బస్సు దగ్గర మూట అందిస్తూ చెంగయ్య నారాయణస్వామి చెవిలో, "ఆయప్ప యాడ సూసినాడు బావా? రెండోసారి దిగేటప్పుడు తువ్వాలు మొగాన కప్పుకొని చేనుపక్కకు తిరుక్కున్యాడు" అన్నాడు. నారాయణస్వామి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తన కళ్ళ సంగతి అసలే చెప్పలేదు.

తగవు తెగలేదు. ఆ మరుసటి మంగళవారమే మళ్ళీ మొదలైంది. కాకపోతే ఇస్త్రీపెట్టె ఇటు వచ్చింది, కత్తెర అటు పోయింది. ఎండ్రకాయ నడకే సరైనదని ఉస్మాన్, రెక్క వంచాల్సిందేనని నారాయణస్వామి. ఎనభైలలో కూడా, ఇద్దరికీ చెవులు మందగించాక కూడా, అదే తగవు ఇంకా పెద్ద గొంతులతో. పెళ్ళి చొక్కాల వాళ్ళు అప్పటికీ కొలతలకోసం నిలబడే ఉండేవారు.

నారాయణస్వామి మాట మీద నిలబడే మనిషి కాబట్టి సైకిలు తొక్కే తీరు కూడా మార్చేశాడు. గాలి వచ్చే వైపు ఒళ్ళంతా వంచి వచ్చేవాడు, క్యాను కూడా అటే ఒరిగేది. పుంగనూరు వీధికుక్కలు ఒక ఆడినెలంతా పాతచోటే కూర్చుని మోసపోయాయి. మరుసటేడు లేచి వీధికి ఇవతలపక్కకు వచ్చి కూర్చున్నాయి.